ఎండ డాబా మీద ఇంటి మొక్కలు: ఎత్తి పెట్టుకునే గ్రీన్‌హౌస్‌కు ఏ కవర్ మంచిది?

నాచారం_డాబా

మా వాటా మూడో అంతస్తులో ఉంది, పైన డాబా అంతా మా వాడుకకే ఇచ్చారు. ఉదయం ఏడు గంటలకు ఎక్కిన ఎండ సాయంత్రం ఐదున్నరకు గానీ దిగదు. మా అమ్మ ఊరి నుంచి వచ్చి మాతో ఉండటం మొదలుపెట్టాక కిటికీలున్న గది ఆమెకు ఇచ్చి, ఆ గదిలో ఐదేళ్ళుగా పెంచుకున్న ఇరవై రెండు కుండీలను డాబా మీదికి చేర్చవలసి వచ్చింది. వాటిలో పీస్ లిల్లీలు, మాన్‌స్టెరా, అగ్లోనిమాలు, కలాథియా, రెండు ఫెలనాప్సిస్ ఆర్కిడ్లు, నాలుగు రకాల మనీ ప్లాంట్లు ఉన్నాయి.

వాటి కోసం ఆన్‌లైన్‌లో గ్రీన్‌హౌస్ పేరుతో అమ్మే నాలుగు అరల ఇనుప స్టాండు, దాని మీద జిప్పుతో మూసే పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్, రెండూ కలిపి 2,400 రూపాయలకు కొన్నాను. గత మంగళవారం జిప్పు సగం తెరిచే ఉంచి ఆఫీసుకు వెళ్ళాను. సాయంత్రం వచ్చి పూర్తిగా తెరిచేసరికి ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి ముఖానికి కొట్టింది. పీస్ లిల్లీ ఆకులు ఉడికిన తోటకూరలా కాడల మీదికి వాలిపోయి ఉన్నాయి. అరలో పెట్టిన థర్మామీటరు ఆ రోజు గరిష్ఠంగా 54 డిగ్రీలు చూపింది, మెట్ల గది నీడలో ఉన్న మరో థర్మామీటరు మాత్రం 38 దాటలేదు.

ఇప్పుడు ఈ స్టాండు మీదికి ఏ కవర్ తెచ్చుకోవాలో తెలియజేయండి. అమ్మినవారు గళ్ళ పచ్చ ప్లాస్టిక్ కవర్ తీసుకోమంటున్నారు. ఇది అద్దె ఇల్లు కాబట్టి స్లాబుకు గాని పిట్టగోడకు గాని మేకు కొట్టడానికి వీలు లేదు, ఇల్లు మారినప్పుడు విప్పి తీసుకువెళ్ళేలా ఉండాలి.

కుండీల_మేడ

ఆ కవర్‌ను చలి దేశాల కోసం తయారుచేశారు. మంచు ఇంకా కురుస్తుండగానే విత్తనాలు మొలకెత్తించుకోవడానికి అక్కడివారు దాన్ని వాడతారు, అంటే వేడిని పట్టి ఉంచడమే దాని పని. మన ఏప్రిల్‌లో మొక్కకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. గళ్ళ పచ్చ కవర్ కూడా ప్లాస్టిక్కే కాబట్టి దాన్ని కొని మళ్ళీ డబ్బు పోగొట్టుకోవద్దు. స్టాండు ఉంచుకుని, పైన, పడమటి వైపున ఎండను 75 శాతం ఆపే షేడ్ నెట్, అంటే నీడనిచ్చే వల, కట్టండి. మిగిలిన రెండు మూడు వైపులా గాలికి వదిలేయండి.

లెక్కల_మాస్టారు

జిప్పు సగం తెరిచినా 54 డిగ్రీలు ఎందుకు అయిందో చెప్పాలి, ఎందుకంటే కవర్ ఎంపిక అంతా ఆ కారణం మీదే ఆధారపడి ఉంది. గ్రీన్‌హౌస్ వేడెక్కేది లోపలి వేడి కిరణాలు బయటికి పోలేకనే అని మనం బడిలో చదువుకున్నాం. 1909లో రాబర్ట్ వుడ్ అనే భౌతిక శాస్త్రవేత్త రెండు పెట్టెలు చేసి, ఒకదానికి గాజు పలక, రెండోదానికి ఆ కిరణాలను సులువుగా పోనిచ్చే రాతి ఉప్పు పలక మూతగా పెట్టి ఎండలో ఉంచాడు. రెండూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. అసలు పని చేసేది లోపలి వేడి గాలి పైకి లేచి పోకుండా మూత అడ్డుపడటమే. పలుచని పాలిథిన్ వేడి కిరణాలను చాలావరకు పోనిస్తుంది, అయినా దాని కింద అంత వేడి పుట్టడానికి కారణం ఇదే.

మీ కవర్‌కు పైభాగం మూసి ఉంది, ముందు సగం మాత్రమే తెరిచి ఉంది. వేడి గాలి చేరేది పైన, మీరు దారి ఇచ్చింది కింద. మూత ఏదైనా సరే, గాలి పైనుంచి పోవడానికి దారి ఉందా అన్నదే చూడవలసింది. షేడ్ నెట్‌కు ఆ దారి అల్లికలోనే ఉంది.

ఆర్కిడ్_లోకం

కుండీల మేడ గారి మాటతో సగమే ఏకీభవిస్తాను, ఆ ప్లాస్టిక్ కవర్‌ను పారేయవద్దు. మా ఇంట్లో అలాంటిదే ఆరేళ్ళుగా ఉంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా ముసురు పట్టినప్పుడు ఫెలనాప్సిస్ నడి ఆకుల మధ్య నీళ్ళు నిలిచి మొవ్వు కుళ్ళిపోతుంది. ఆ రోజుల్లో పక్కలన్నీ ఎత్తికట్టి, ప్లాస్టిక్‌ను పైకప్పుగా మాత్రమే ఉంచుతాను. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పూర్తిగా దించి మూస్తాను. మన హైదరాబాదులో 1946 జనవరి 8న 6.1 డిగ్రీలకు పడిపోయిన రికార్డు ఉంది, మామూలు ఏడాదుల్లోనూ 12 కన్నా కిందికి దిగే రాత్రులు వస్తాయి, అగ్లోనిమా, కలాథియా అంత చలికి ఓర్చుకోలేవు. తెల్లవారి ఎనిమిదిన్నరకల్లా మళ్ళీ ఎత్తేయాలి, ఒక్క రోజు మరిచిపోయినా మీరు చూసిన ఉడుకే మళ్ళీ చూస్తారు.

కుండీల_మేడ

ఆర్కిడ్ లోకం గారు, వానకు పైకప్పుగా అన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. నేను ఎండాకాలం గురించి మాత్రమే ఆలోచించాను.

ఉత్తరం_బాల్కనీ

మాది ఉత్తరం వైపు బాల్కనీ, ఎండ పడదు కాబట్టి ఏ కవరూ లేకుండానే మొక్కలు బాగున్నాయి. డాబా కన్నా బాల్కనీకి మార్చుకోవడమే మేలు కదా?

లెక్కల_మాస్టారు

మే నెల రానివ్వండి. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఆగస్టు 3 ప్రాంతంలో మళ్ళీ అదే జరుగుతుంది. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొద్దిగా ఉత్తరాన ఉంటాడు, ఉదయమూ సాయంత్రమూ ఇంకా ఉత్తరానికి వాలి ఉంటాడు. ఏడాదంతా నీడలో ఉన్న ఉత్తరపు బాల్కనీ మొక్కకు ఆ మూడు నెలల్లో పొద్దున, సాయంత్రం నేరుగా ఎండ తగులుతుంది, అదీ అలవాటు లేని ఆకు మీద.

నాచారం డాబా వారు కూడా ఇది గమనించాలి. డిసెంబరులో మధ్యాహ్నపు ఎండ దక్షిణం నుంచి సుమారు 49 డిగ్రీల ఎత్తులో వస్తుంది కాబట్టి దక్షిణపు పక్కన నెట్ కావాలి. మేలో దక్షిణపు నెట్ వల్ల ఉపయోగం తక్కువ, పైకప్పు, పడమర ముఖ్యం.

ఉత్తరం_బాల్కనీ

పోయిన ఏడాది జూన్‌లో మా ఫిలోడెండ్రాన్ మీద తెల్లగా మచ్చలు పడితే తెగులనుకుని మందు కొట్టాను. ఇప్పుడు కారణం తెలిసింది.

నాచారం_డాబా

షేడ్ నెట్‌లో 50, 75, 90 అని ఉన్నాయి, రంగులు కూడా పచ్చ, నలుపు, తెలుపు అని చెబుతున్నారు. రాణీగంజ్‌లో అడిగితే పచ్చది 90 శాతం చేతిలో పెట్టి ఇదే బాగా పోతుందన్నారు. 50 శాతం నెట్ రెండు పొరలు వేస్తే ఎండ పూర్తిగా ఆగిపోతుందా?

కుండీల_మేడ

ఆగదు. మొదటి పొర సగం ఆపుతుంది, మిగిలిన సగంలో రెండో పొర సగం ఆపుతుంది కాబట్టి రెండూ కలిస్తే 75 శాతమే అవుతుంది. మే నెల మధ్యాహ్నం ఆరుబయట వెలుతురు సుమారు లక్ష లక్సులు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటుంది, 75 శాతం నెట్ కింద 25 వేలు, 90 శాతం నెట్ కింద 10 వేలు మిగులుతుంది. మీ ఫెలనాప్సిస్‌కు 10 నుంచి 15 వేలు చాలు, పీస్ లిల్లీ, కలాథియాలకు అంతకన్నా తక్కువైనా సరే. మనీ ప్లాంట్, మాన్‌స్టెరా 25 వేలలో హాయిగా పెరుగుతాయి. అందుకే నేను మొత్తానికి 75 శాతం కట్టి, కింది రెండు అరల ముందు మాత్రం ఇంకో 50 శాతం తెర వేలాడదీస్తాను. ఎండ తగ్గే రోజుల్లో ఆ తెర తీసేయవచ్చు, మొదటే 90 శాతం కడితే వానాకాలం మబ్బుల్లో మొక్కలు వెలుతురు కోసం సాగిపోయి కాడలు పలచబడతాయి.

మీటరు లేకపోతే చేతిని చూడండి. మధ్యాహ్నం నెట్ కింద ఆకులకు అడుగు ఎత్తున అరచేయి చాపండి. నీడలో ఐదు వేళ్ళూ గీత గీసినట్టు విడివిడిగా కనబడితే ఆ ఎండ ఇంటి మొక్కకు ఎక్కువ. అంచులు చెదిరి వేళ్ళు ఒకదానిలో ఒకటి కలిసినట్టు ఉంటే సరిపోయింది.

ఆర్కిడ్_లోకం

రంగు విషయంలో నా అనుభవం చెబుతాను. పచ్చ నెట్ కింద మన కంటికి బాగా వెలుతురు ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ మొక్క ఎక్కువగా వాడుకునే ఎరుపు, నీలం కాంతులను ఆ పచ్చ దారం తగ్గించేస్తుంది. నల్లది అన్ని రంగులనూ సమంగా తగ్గిస్తుంది గానీ తాను బాగా వేడెక్కుతుంది కాబట్టి ఆకులకు కనీసం రెండు అడుగుల ఎత్తున కట్టాలి. తెల్లది వెలుతురును చెదరగొట్టి అన్ని వైపులా పంచుతుంది, వేడి కూడా తక్కువ, కాకపోతే మన దుమ్ముకు త్వరగా మాసిపోతుంది. నేను తెల్లది వాడుతున్నాను, రెండు నెలలకొకసారి దించి నీళ్ళతో కడుగుతాను.

రెండో_అంతస్తు

మాకు దొరికింది పచ్చది, పదేళ్ళుగా అదే ఉంది, మొక్కలు బాగానే ఉన్నాయి. రంగు కోసం ఊరంతా తిరగనక్కరలేదు. అల్లిక దారాలకు ఎండ తట్టుకునే మందు కలిపారో లేదో మాత్రం అడిగి తీసుకోండి. కలపనిది రెండో వేసవికే చేత్తో నలిపితే పొడి అవుతుంది.

కొంపల్లి_నేల

ఇంతమంది ఎండ గురించి చెప్పారు, గాలి గురించి ఎవరూ ఎత్తలేదు. మన దగ్గర ఏప్రిల్, మే సాయంత్రాల్లో అప్పటిదాకా ఆకు కదలకుండా ఉక్కపోసి, ఉన్నట్టుండి దుమ్ము లేచి పది నిమిషాల్లో గాలివాన విరుచుకుపడుతుంది. రెండేళ్ళ క్రితం అలాంటి సాయంత్రం మా డాబా మీది నాలుగు అరల స్టాండు, కవర్‌తో సహా లేచి, పిట్టగోడ దాటి పక్కింటి రేకుల మీద పడింది. ఆ సమయానికి కింద పిల్లలు ఆడుకుంటున్నారు, వాళ్ళకు మూడు గజాల దూరంలో పింగాణీ కుండీ పగిలింది. ఆ శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. మొక్కలు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. దయచేసి మొదట స్టాండును ఎలా నిలబెడతారో తేల్చుకుని, తరువాత కవర్ సంగతి చూడండి.

లెక్కల_మాస్టారు

కొంపల్లి నేల గారు చెప్పినది అందరూ రెండుసార్లు చదవాలి. గంటకు 60 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 16.7 మీటర్లు. ఆ సంఖ్యను వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 167 న్యూటన్ల ఒత్తిడి వస్తుంది, అది దాదాపు 17 కిలోల బరువుతో సమానం. 70 సెంటీమీటర్ల వెడల్పు, 160 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ప్లాస్టిక్ ముఖం మీద మొత్తం 19 కిలోల తోపు పడుతుంది. స్టాండు లోతు 50 సెంటీమీటర్లే కాబట్టి అది వెనక్కి పడకుండా ఉండాలంటే కుండీలతో కలిపి అరవై కిలోలకు తక్కువ కాకుండా బరువు ఉండాలి. భవనాల గాలి లెక్కల కోసం వాడే ప్రమాణం, ఐఎస్ 875 మూడో భాగం, హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్ల వేగాన్ని తీసుకుంటుంది. అంత గాలికి ఏ స్టాండూ నిలవదు. తుఫాను హెచ్చరిక ఉన్న రోజున కవర్ విప్పి మడిచి, కుండీలు నేల మీదికి దించడం తప్ప మార్గం లేదు. నెట్ గుండా గాలి కొంత పోతుంది కాబట్టి తోపు తగ్గుతుంది, పూర్తిగా పోదు.

నాచారం_డాబా

మేకులు కొట్టకుండా అరవై కిలోలు ఎలా తేవాలి?

కొంపల్లి_నేల

ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా ఒక్కొక్కటి ఇరవై కిలోలు తూగుతుంది. మూడు డబ్బాలు నింపి కింది అరలో పెట్టి, స్టాండు కాళ్ళకు నైలాను తాడుతో బిగించండి. ఇల్లు మారేటప్పుడు నీళ్ళు పారబోసి ఖాళీ డబ్బాలు తీసుకువెళ్ళవచ్చు. బరువైన మట్టి కుండీలు కింద, తేలికవి పైన ఉంచండి. స్టాండును పిట్టగోడ మూలకు, రెండు వైపులా గోడ ఉండేలా జరపండి, పిట్టగోడ కన్నా ఎత్తుగా మాత్రం ఏ కుండీనీ పెట్టవద్దు.

సైనిక్‌పురి_అమ్మమ్మ

మీరందరూ పైనుంచి వచ్చే ఎండనే చూస్తున్నారు నాయనా, కింద నుంచి వచ్చే వేడి సంగతి కూడా చూడాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. సాయంత్రం ఆరు గంటలకు మా డాబా మీద చెప్పులు లేకుండా నాలుగు అడుగులు వేయలేను, అలాంటి స్లాబు మీద కుండీ పెడితే వేరు ఏమవుతుందో ఆలోచించండి. పైన నెట్ కట్టి ఆకును కాపాడినా, పక్క నుంచి ఎండ తగిలే నల్ల ప్లాస్టిక్ కుండీలో మట్టి పొయ్యి మీద పెట్టినట్టు కాలిపోతుంది. తడిగా ఉన్న మట్టిలోనే మొక్క వాడిపోతే అందరూ నీళ్ళు చాలలేదని ఇంకా పోస్తారు, అప్పటికే వేడికి దెబ్బతిన్న వేరు ఆ నీళ్ళలో కుళ్ళుతుంది.

నేను చేసే పని చెబుతాను. ప్రతి ప్లాస్టిక్ కుండీనీ దానికన్నా రెండంగుళాలు పెద్దదైన, రంగు వేయని మట్టి కుండీలో దించుతాను. రెండింటి మధ్య సందులో ఇసుక, కొబ్బరి పీచు కలిపి నింపి, ఉదయం ఆ ఇసుకను తడుపుతాను. మంచినీళ్ళ కుండ ఎలా చల్లబడుతుందో ఇదీ అలాగే చల్లబడుతుంది, తడి మట్టి గోడలోంచి ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. పోయిన మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు మా మనవరాలు వంటింటి థర్మామీటరు గుచ్చి చూసింది. విడిగా ఉన్న ప్లాస్టిక్ కుండీ మట్టి 46 డిగ్రీలు, మట్టి కుండీలో దించినది 32. ఆ రోజు నుంచి నాతో పాటు తానూ ఇసుక తడుపుతోంది.

కుండీల కింద ఇటుకలు పెట్టి జానెడు ఎత్తు లేపండి, గాలి ఆడుతుంది. స్టాండు చుట్టూ స్లాబు మీద సున్నం తెల్లగా పూయించుకుంటే మరీ మంచిది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ ఇదే, ఇంటి పైకప్పు ఎండను వెనక్కి కొట్టేలా ఉండాలని.

ఇంకొక మాట. మధ్యాహ్నం పైపు తిప్పి నీళ్ళు పట్టవద్దు. ఎండలో పడి ఉన్న పైపులో మొదట వచ్చే నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఉదయం ఆరున్నర లోపల, అదీ బకెట్‌లో రాత్రి పట్టి ఉంచిన నీళ్ళు పోయండి.

నాచారం_డాబా

అమ్మమ్మ గారు, మీరు చెప్పిన వాడిపోవడం మా మాన్‌స్టెరాలో అచ్చంగా జరిగింది, నేను నీళ్ళు చాలలేదనే అనుకుని రెండు పూటలా పోశాను. కుండీలోంచి తీసి చూస్తే వేర్ల చివరలు గోధుమ రంగు తిరిగి మెత్తబడి ఉన్నాయి.

సైనిక్‌పురి_అమ్మమ్మ

మెత్తబడ్డవి కత్తిరించి, తెల్లగా గట్టిగా ఉన్నవి ఉంచి, కొత్త మట్టిలో నాటి, నెలరోజులు ఇంట్లోనే నీడలో ఉంచమ్మా. కాడకు గాలి వేరు ఉన్న కణుపు ఒక్కటి మిగిలినా బతుకుతుంది.

కడియం_మట్టి

మా నాన్నగారు కడియంలో నర్సరీ చూసుకునేవారు, నేను ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాను. హైదరాబాదు నర్సరీల్లో కొనే ఇంటి మొక్కల్లో చాలా భాగం అక్కడి నుంచే లారీల్లో వస్తాయి. గోదావరి పక్కన, షేడ్ నెట్ కింద, తేమ గాలిలో పెరిగిన ఆకు అది. దాన్ని దక్కను పీఠభూమి ఎండగాలిలోకి ఒక్కసారిగా తెస్తే అంచులు ఎండటం సహజం. ఇంట్లో ఐదేళ్ళు ఉన్న మొక్క కూడా అంతే, దాని ఆకులు నీడకు తగ్గట్టుగా తయారై ఉన్నాయి. పదిహేను రోజులు తీసుకోండి. మొదటి నాలుగు రోజులు ఉదయం ఎనిమిది దాకా మాత్రమే డాబా, తరువాత తొమ్మిదిన్నర దాకా, ఆ తరువాతే రోజంతా నెట్ కింద. మచ్చ పడిన పాత ఆకు మళ్ళీ పచ్చబడదు, కొత్తగా వచ్చే ఆకును బట్టి మీ నెట్ సరిపోయిందో లేదో తెలుసుకోండి.

తేమ కోసం రోజుకు నాలుగుసార్లు ఆకుల మీద నీళ్ళు చిలకరించమని చాలామంది చెబుతారు. దానికన్నా పడమటి వైపు వట్టివేళ్ళ తడక గాని గోనెపట్టా గాని కట్టి తడిపితే, వచ్చే వేడి గాలే చల్లబడి తేమతో లోపలికి వస్తుంది.

రెండో_అంతస్తు

చిలకరించడం మానేయమంటే నేను ఒప్పుకోను. వేసవిలో గాలి పొడిగా ఉంటే ఆకుల అడుగున ఎర్రనల్లి చేరుతుంది, రోజూ ఉదయం నీళ్ళు గట్టిగా కొడితే అది నిలవదు. మా మనీ ప్లాంట్లకు మందు వాడకుండా అలాగే కాపాడుకుంటున్నాను.

కడియం_మట్టి

ఎర్రనల్లికి ఆకు అడుగున నీళ్ళు కొట్టడం మంచి పనే, అది కడగడం. తేమ కోసం చిలకరించేది పది నిమిషాల్లో ఆరిపోతుందనే నా మాట. మీది బోరు నీరైతే ఆకు మీద తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి, కలాథియా అంచులు మాడటానికి ఆ ఉప్పు కూడా ఒక కారణం. దానికి మాత్రం పట్టి ఉంచిన వాననీళ్ళు దొరికితే అవే పోయండి. ఆర్‌ఓ యంత్రం వదిలేసే వృథా నీళ్ళలో ఉప్పు ఇంకా ఎక్కువ కాబట్టి వాటిని కుండీలకు పోయవద్దు.

నాచారం_డాబా

పది రోజుల తరువాత రాస్తున్నాను. ప్లాస్టిక్ కవర్ కడిగి మడిచి అటక మీద పెట్టాను. పైన, పడమర 75 శాతం తెల్ల నెట్ కట్టాను. స్టాండు నాలుగు కాళ్ళకు నాలుగు పీవీసీ పైపులు నిలువుగా కేబుల్ టైలతో బిగించి, పై అర మీది ఆకులకు రెండు అడుగుల ఎత్తున నెట్ వచ్చేలా చేశాను, ఒక వైపు వాలుగా ఉంచాను. తూర్పు, ఉత్తరం తెరిచే ఉన్నాయి. కింది అరలో మూడు నీళ్ళ డబ్బాలు ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం రెండున్నరకు నెట్ కింద 39, మెట్ల గది నీడలో కూడా 39. పిట్టగోడ కన్నా పై అర కొద్దిగా ఎత్తు ఉంది, అదొక్కటే బెంగగా ఉంది.

కొంపల్లి_నేల

పై అర ఊడదీసి మూడు అరలతోనే ఉంచండి. ఆ కుండీలు నేల మీద ఇటుకల మీద పెట్టుకోవచ్చు. వాలుగా కట్టడం బాగుంది, బల్లపరుపుగా కట్టిన నెట్ మీద రాళ్ళవాన పడితే వడగండ్లు మధ్యలో కుప్పపడి జోలెలా కిందికి దిగుతుంది.

ఆర్కిడ్_లోకం

ఫెలనాప్సిస్ రెండింటినీ ఈ వేసవికి ఇంట్లోనే ఉంచండి. నెట్ కింద కూడా 39 డిగ్రీలంటే దానికి కష్టమే. మృగశిర ప్రవేశించి నాలుగు వానలు పడ్డాక పైకి తెచ్చి, అప్పుడు అటక మీది ప్లాస్టిక్‌ను పైకప్పుగా వాడుకోండి.

నాచారం_డాబా

పై అర తీసేశాను. ఆర్కిడ్లు అమ్మ గదిలో కిటికీ దగ్గర ఉన్నాయి, ఆమే చూసుకుంటానంది.

నిన్న సాయంత్రం ఐదింటికి గాలివాన వచ్చింది. నేను ఆఫీసులో ఉన్నాను, ఇంటికి వచ్చేసరికి ఏడున్నర అయింది, మెట్లన్నీ పరుగున ఎక్కాను. వీధిలో రెండు కొమ్మలు విరిగి పడి ఉన్నాయి, మా డాబా మీద నెట్ ఒక మూల కేబుల్ టై తెగి వేలాడుతోంది, స్టాండు మాత్రం పెట్టిన చోటే ఉంది. అమ్మ అప్పటికే పైకి వచ్చి, తెగిన మూలను చీర అంచు చించిన గుడ్డతో పైపుకు కట్టి ఉంచింది. పీస్ లిల్లీ మొదలు దగ్గర మూడు కొత్త ఆకులు వేలెడంత చుట్టలుగా నిలబడి ఉన్నాయి.

సైనిక్‌పురి_అమ్మమ్మ

గుడ్డ కట్టే ఉంచమ్మా, కేబుల్ టై ఎండకు పెళుసెక్కి మళ్ళీ తెగుతుంది. మిగిలిన మూలలకు కూడా నూలు తాడే కట్టు.